గుర్రాలకు నేసిన చీరలు

నేను కాపురానికి వచ్చేనాటికి రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన ఇంకా పడలేదు. అవతలి ఒడ్డు నుంచి వచ్చేవాళ్ళంతా కొవ్వూరు రేవులో పంటు ఎక్కి నది దాటవలసిందే. నాతో పాటు రెండు గుర్రాలు కూడా ఆ పంటు ఎక్కాయి. ఒకటి గోధుమరంగు ఆడగుర్రం, రెండోది తెల్లటి మగగుర్రం. గుర్రాలు అంటున్నాను గాని నిజానికి అవి తట్టువులు, మనిషి భుజానికి మించి ఎత్తు ఉండవు. పంటు నడి ఏటికి వచ్చేసరికి రెండూ బెదిరిపోయి నాకు చెరోవైపూ చేరి మూతులు నా భుజాల మీద ఆనించాయి. కొత్త పట్టుచీర వాటి చొంగతో తడిసిపోయింది. నాకేమీ బాధ అనిపించలేదు. నా పుట్టింటి వాసన వాటి ఒంటి మీదే ఉంది.

మా నాన్నగారిది జంగారెడ్డిగూడెం అవతల మెట్ట ఊరు. పొగాకు పండించి, మూటలు తట్టువుల మీద వేసుకుని సంతలకు తోలుకెళ్ళేవారు. ఆ మూటల మీద కూర్చునే నేను గుర్రం నడపడం నేర్చుకున్నాను. తరవాత రాజమండ్రిలో మిషను వాళ్ళ ఆడపిల్లల బడిలో ఉండి చదువుకున్నాను. నా భర్త మండపేటకు కొంత దూరంలో ఒక ఊళ్ళో మిషను బడి మేష్టారు. ఆ ఊరి బడే కాకుండా చుట్టుపక్కల పల్లెల్లో ఉన్న చిన్న బళ్ళన్నీ తిరిగి చూసే పని కూడా ఆయనదే. అన్నిటికీ నడిచే వెళ్ళేవారు.

"అల్లుడుగారు కాళ్ళరిగేలా తిరుగుతున్నారు. ఇవి ఉంటే సగం అలసట తగ్గుతుందమ్మా" అని నాన్నగారు ఆ రెండింటినీ నాతో పంపారు.

మా ఇంట్లో ముగ్గురం. ఆయన, నేను, ఆయనకు అక్కగారైన మా వదినగారు. ఆవిడ చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. ముందు వసారాలో గుంట మగ్గం మీద పంచెలు, చీరలు నేసేది. తెల్లవారితే నాడె చప్పుడు, ఆదివారం మాత్రం మిషను గుడికి ప్రార్థనకు వెళ్ళడం, అదే ఆవిడ జీవితం. నన్ను చూసి నవ్వింది గాని, నా వెనక ఉన్నవాటిని చూసి నవ్వలేదు.

"ఇవేంటి తమ్ముడూ, ఇంట్లో మనుషులకే చోటు చాలడం లేదు" అంది.

"మామగారు ప్రేమతో పంపారక్కయ్యా."

"ప్రేమ పెరట్లో కట్టుకో. నా మగ్గం దగ్గరికి మాత్రం రానివ్వకు."

పెరట్లో గేదెల పాక పక్కనే కట్టుకున్నాం. వేసవి అంతా బాగానే గడిచింది. ఆయన గుర్రం ఎక్కి పొద్దున్న ఒక పల్లె, సాయంత్రం ఒక పల్లె చూసి వచ్చేవారు. అన్నిటికంటే దూరంగా, మురుగు కాలవకు ఆవల, చివరి పల్లె అని ఒకటి ఉండేది. అంతకుముందు వానాకాలం వస్తే అక్కడికి వెళ్ళడమే కుదిరేది కాదట. ఇప్పుడు వారం వారం వెళ్ళగలుగుతున్నానని ఆయన సంబరపడ్డారు. అక్కడి బడి నడిపే ముసలి పంతులుగారు కూడా చూసే దిక్కు దొరికిందని ఉత్సాహంగా పాఠాలు చెప్పసాగారు.

మండపేటలో మా వదినగారు నూలు కొనే షావుకారుగారికి జట్కా ఉండేది. ఆయన ఒకసారి మా గుర్రాలను చూసి తల అడ్డంగా ఊపారు.

"మెట్ట గుర్రాలు మా చేలల్లో దక్కవండి. కాలవలు వదిలి నాట్లు పడనివ్వండి, జోరీగ పీల్చేస్తుంది. నా జట్కాకి ఎన్ని మార్చానో నాకే గుర్తులేదు. ఒంటి నిండా కండ ఉన్నప్పుడే అమ్మేసుకోండి మేష్టారూ."

ఆయన అన్నట్టే అయింది. కాలవలకు నీళ్ళు వచ్చాయి, చేలు నిండాయి, దమ్ములు చేసి నాట్లు వేశారు. ఎటు చూసినా నీళ్ళూ పచ్చదనమూ. మెట్ట పిల్లనైన నాకు ఆ పచ్చదనం చూస్తే కళ్ళు చెదిరేవి. దాని వెనకే ఈగలు దిగాయి. వేలి కణుపంత జోరీగలు, వాలిన చోట నెత్తుటి చుక్క తేలేలా కుట్టేవి. ఇంటి ఈగలాగే కనపడుతూ కాళ్ళను పొడిచే పశువుల ఈగలు వేరే. సాయంత్రం అయ్యేసరికి నుసుములు. కంటికి సరిగ్గా ఆననంత చిన్న పురుగులవి, పొగలా గుంపు కట్టి వచ్చేవి.

గుర్రాలు తిండి మానేశాయి. ఎప్పుడూ కాళ్ళు నేలకేసి కొట్టడం, తోక విసరడం. కొన్నాళ్ళకు రాటకు ఒళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టాయి. ఆడగుర్రం తోక మొదలును రాటకు ఎంతగా రుద్దుకుందంటే, వెంట్రుకలు ఊడి, చర్మం లేచి, పచ్చి పుండు పడింది. జూలు సగం రాలిపోయింది. చూసినవాళ్ళు గజ్జి అన్నారు. గంధకం నూరి నూనెలో కలిపి రాశాం. గుణం కనపడలేదు.

చివరి పల్లెకు వెళ్ళే దారిలో మురుగు కాలవ వెంబడి ఒక మడుగు ఉంది. మనిషి ఎత్తున జమ్ము పెరిగి ఉంటుంది. ఒకరోజు ఆయన ఆడగుర్రం మీద అటు వెళ్తుంటే జమ్ములోంచి జోరీగల దండు లేచి మీద పడిందట. గుర్రం పిచ్చెత్తినట్టు ఎగిరి ఆయన్ని కాలవలో పడేసి ఇంటికి పరుగెత్తుకు వచ్చేసింది. ఖాళీ జీను చూసి నేను వీధి చివరిదాకా పరుగెత్తాను. చాలాసేపటికి ఆయన నిలువెల్లా బురదతో, తడిసి ముద్దైన పుస్తకాలు చంకన పెట్టుకుని నవ్వుకుంటూ వచ్చారు. దెబ్బలేమీ తగల్లేదు. అన్నానికి కూర్చున్నాక మాత్రం ఆ నవ్వు లేదు.

"వీటిని మీ నాన్నగారి దగ్గరికి పంపేద్దాం. నాకు పడ్డందుకు బాధ లేదు. ఆ నోరులేని వాటిని ఇలా హింసపెట్టడం నావల్ల కాదు" అన్నారు.

"మరి చివరి పల్లె బడి?"

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. సంగతి నాకూ తెలుసు. ఆ వానాకాలంలోనే స్కూళ్ళ ఇన్స్పెక్టరుగారు వచ్చి పిల్లల్ని పరీక్ష చేస్తారు. సరిగ్గా చూసేవాళ్ళు లేని బడిని నడపడం కష్టమని రాజమండ్రి నుంచి మిషను దొరగారు ముందే చెప్పి పంపారు. పరీక్ష పోతే బడి మూతపడుతుంది.

"కొన్నాళ్ళు ఆగండి. నన్నొకసారి చూడనివ్వండి" అన్నాను.

ఏం చూడాలో నాకే తెలియదు. మర్నాడు పీట వేసుకుని గుర్రాల దగ్గర కూర్చున్నాను. బియ్యం ఏరుకుంటూ, కూర తరుక్కుంటూ పొద్దు గూకేదాకా అక్కడే ఉన్నాను. ఆ తరవాత కూడా రోజూ అంతే. అలా కూర్చోగా కూర్చోగా కొన్ని విషయాలు అర్థమయ్యాయి. జోరీగలు ఎండవేళే వస్తున్నాయి, అవి కూడా తెల్లదాని కంటే గోధుమరంగు దాని మీదే ఎక్కువ వాలుతున్నాయి. నుసుములు పొద్దు వాలాక వస్తున్నాయి, సరిగ్గా జూలు మొదట్లోనూ, పొట్ట కిందా, తోక మొదలు దగ్గరా దూరుతున్నాయి. గుర్రం రాటకు రుద్దుకునేది కూడా అవే చోట్ల. గాలి గట్టిగా వీచిన సాయంత్రం ఒక్క నుసుమూ లేదు, ఆ పూట గుర్రాలు రాట వంక పోనేలేదు.

మా వదినగారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. "ఇది గజ్జి కాదండీ వదినగారూ. పురుగు కుట్టి దురద పుడుతుంటే గోక్కుంటున్నాయి."

"పురుగు కుడితే ఒళ్ళు పుండయిపోతుందా ఎక్కడైనా" అంటూనే ఆవిడ మగ్గం గుంటలోంచి లేచి వచ్చింది. దీపాలు పెట్టే వేళ. నేను చూపించిన చోట, ఆడగుర్రం పొట్ట కింద, రవికె చెయ్యి పైకి లాక్కుని తన చేతిని అలాగే పెట్టి నిలబడింది. మొండి మనిషి. చెయ్యి తీసుకునేసరికి మోచేతి దాకా ఆవగింజలు చల్లినట్టు నల్లగా ఉంది.

మర్నాడు పొద్దున్న ఆవిడ చెయ్యి ఎర్రగా దద్దుర్లు కట్టి ఉబ్బింది.

"కునుకు లేదు. గోక్కుంటూనే ఉన్నాను" అంది. కాసేపు ఆ చేతినే చూసుకుని, "నాకు గోళ్ళున్నాయి. దానికి ఆ రాట తప్ప ఏముంది పాపం" అంది. ఆ మాటతో ఆవిడ మా జట్టులోకి వచ్చేసింది.

మొదట గుర్రాల చోటు మార్చాం. గేదెల పాకా, పెంటకుప్పా ఉన్న చోటు నుంచి ఇంటి వెనక కాలవ గట్టు మీదికి తెచ్చాం. అక్కడ ఏ పూటైనా కాస్త గాలి ఆడుతుంది. తాటాకు పాక వేయించి, కింద ఇసక పోయించాం. పేడ పడ్డది పడ్డట్టు ఎత్తేసేవాళ్ళం. పొద్దు వాలక ముందే గుర్రాలను లోపలికి తోలి, గాలి వచ్చే వైపున పచ్చి వేపాకు వేసి పిడకల పొగ పెట్టేవాళ్ళం. చెవులకూ పొట్ట కిందా కానుగ నూనె పట్టించేవాళ్ళం. ఆ వాసనకు మా వదినగారు ముక్కు మూసుకునేది గాని చెయ్యి మాత్రం ఆపేది కాదు. కొత్తగా పుండ్లు పడడం తగ్గింది. కానీ ఇది ఇంటి దగ్గర సంగతి. చేల మధ్యకు వెళ్ళాలంటే పాకనూ పొగనూ వెంట తీసుకెళ్ళలేం కదా.

"ఒంటి మీద ఏదైనా కప్పితే?" అన్నాను.

మా వదినగారు పెట్టె తీసి తన పాత నీలిమందు రంగు చీర ఒకటి ఇచ్చింది. మందంగా, దిట్టంగా ఉండే ముతక చీర. దాన్ని ఆడగుర్రానికి కప్పి తాళ్ళతో కట్టాం. జోరీగలు ఆ నల్లటి నీలం మీద మామూలు కంటే ఎక్కువగా ముసిరాయి. పైగా లోపల చెమట పట్టి పాత పుండ్లు మళ్ళీ చెమర్చాయి. విప్పేశాం. ఆ తరవాత చేపలు పట్టేవాళ్ళ దగ్గర పాత వల అడిగి తెచ్చాను. గాలి బాగానే ఆడింది, జోరీగలు కొంత ఆగాయి గాని నుసుములకు ఆ వల కళ్ళు సింహద్వారాలంత ఉన్నాయి.

ఆ సాయంత్రం మా వదినగారు వలను చేతుల్లో సాగదీసి వెలుతురుకు పట్టి చూస్తూ కూర్చుంది.

"గాలి పోవాలి, పురుగు పోకూడదు, బరువుండకూడదు, రంగు తెలుపుండాలి. అంతేనా?" అంది.

"అంతేనండి."

"అయితే అది కొనేది కాదు, నేసేది."

ఇద్దరం మండపేట వెళ్ళాం. కొట్లో షావుకారుగారు నూలు చుట్టలు, చిలపలంటారు వాటిని, ముందు వేశారు. మా వదినగారు అన్నీ పక్కకు తోసి, అన్నిటికంటే సన్న నూలు చూపించమంది.

"ఇంత సన్నం ఎందుకండీ, జమీందారుల ఇంట్లో పెళ్ళా?" అన్నారాయన.

"గుర్రానికండి."

ఆయన ఒక్క క్షణం అలా చూసి పగలబడి నవ్వారు. కొట్లో ఉన్నవాళ్ళను పిలిచి, "విన్నారా, మేష్టారుగారి గుర్రానికి చీర నేయిస్తున్నారట" అని చెప్పారు. వాళ్ళూ నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి. మా వదినగారు మాత్రం నూలు వేళ్ళ మధ్య నలుపుతూ, "నవ్వండి, నవ్వితే ఒంటికి మంచిదే. ముడులు లేని చిలపలు చూసి ఇవ్వండి" అంది.

మొదటి గుడ్డ పాడైంది. పలచగా నేసేసరికి పోగులు అటూ ఇటూ జరిగిపోయి ఒకచోట సందు, ఒకచోట కుప్ప అయ్యాయి. ఆవిడ విసుక్కోలేదు. మగ్గం మీద ఉన్నది కోసి పక్కన పెట్టి, రెండేసి పడుగు పోగులను ఒకదాని మీద ఒకటి మెలివేసి, ఆ మెలికలో పేక పోగు దూరేలా అల్లడం మొదలుపెట్టింది. అలా చేస్తే పోగు కదలడానికి వీల్లేదు. పని మాత్రం నత్తనడక. నేను పక్కన కూర్చుని పోగులు అందించేదాన్ని. నాడె చప్పుడు అంత నెమ్మదిగా మా ఇంట్లో ఎప్పుడూ వినపడలేదట. ఆయన బడి నుంచి వచ్చి, "ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అక్కయ్యా?" అని అడిగారు.

గుడ్డ దిగాక ఎండలో పట్టి చూశాం. అవతల కాలవ నీళ్ళు, పడవ తెరచాప, గట్టు మీది కొబ్బరి చెట్లు అన్నీ లీలగా కనపడుతున్నాయి. ఊదితే ఊపిరి అవతలికి పోతోంది. దాన్ని గుర్రం ఒంటికి సరిపోయేలా నేను కత్తిరించి కుట్టాను. మెడకు ఒకటి, చెవులకు సంచుల్లాంటివి, పొట్ట కిందుగా చుట్టి వీపు మీద ముడి వేసేందుకు ఒక పట్టీ, తోక మొదలుకు తొడుగు. నుదుటి మీద నూలు కుచ్చులు వేలాడదీశాం, తల ఊపినప్పుడల్లా కళ్ళ మీది ఈగలు చెదిరిపోయేలా.

నూలు ఒక గుర్రానికే సరిపోయింది. ఎక్కువ బాధపడుతున్నది గనక ఆడగుర్రానికి కట్టాం. పిల్లలూ పెద్దలూ గట్టు మీద గుమిగూడి, "గుర్రానికి చీర కట్టారొరేయ్" అని చెప్పుకుంటూ నవ్వారు. గుర్రం మాత్రం కాసేపు తన వీపు తానే వాసన చూసుకుని, తల వంచి గడ్డి మేయసాగింది. ఎన్నాళ్ళకో అది పగటిపూట తల ఎత్తకుండా మేయడం చూశాను. నాకు కళ్ళు చెమర్చాయి. మా వదినగారు "ఏడవకు, ఆ ముడి వదులైంది చూడు" అంది.

రోజులు గడిచేకొద్దీ తేడా తెలిసింది. ఆడగుర్రం తోక మొదట్లో పుండు ఎండి, పైన మెత్తటి కొత్త వెంట్రుకలు మొలిచాయి. గుడ్డ లేని తెల్లది మాత్రం అదే గట్టు మీద, అదే గడ్డి తింటూ ఇంకా రాటకు రుద్దుకుంటూనే ఉంది. ఇక ఎవరికీ చెప్పవలసిన పని లేకపోయింది. ఊళ్ళో నవ్వు దానంతటదే తగ్గింది. మా వదినగారు మళ్ళీ నూలు తెప్పించి రెండో గుడ్డ మగ్గానికి ఎక్కించింది.

అది కూడా పూర్తయి, తెల్లగుర్రం పుండ్లు మానుతున్న రోజుల్లో ఆయనకు చలిజ్వరం పట్టుకుంది. సరిగ్గా అప్పుడే కబురొచ్చింది. ఇన్స్పెక్టరుగారు కాలవ మీద పడవలో వస్తున్నారు, మర్నాడు చివరి పల్లెలో పరీక్ష. ఆయన లేవబోయి మళ్ళీ పక్క మీద కూలబడ్డారు.

"పంతులుగారు ఒక్కరే ఉంటే హడిలిపోతారు. పిల్లలకు వచ్చింది కూడా రాకుండా పోతుంది" అన్నారు, పళ్ళు టకటకలాడుతుంటే.

"నేను వెళ్తానండి" అన్నాను.

"ఆ బురదలో ఎలా వెళ్తావు?"

"గుర్రం మీద."

ఆయన నా వంక చూశారు. పెళ్ళయ్యాక నేను గుర్రం ఎక్కలేదు. ఎక్కితే ఊరు ఏమనుకుంటుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. వద్దని అంటారనుకున్నాను. "పిల్లల లెక్కలు ముందు చూడమను. వాళ్ళకు బాగా వచ్చింది అదే" అన్నారు.

తెల్లవారి వాకిట్లో నేను జీను బిగిస్తుంటే మా వదినగారు చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని వచ్చింది. పక్కింటావిడను పిలిచి తమ్ముడికి జావ కాచి ఇమ్మని అప్పజెప్పింది.

"నిన్నొక్కదాన్నీ పంపను. ఆ తెల్లదాన్ని ఇటు తీసుకురా."

"మీరు ఎక్కగలరా వదినగారూ?"

"అది నా చీర కట్టుకుంది. నన్ను ఎక్కించుకోదా?"

అరుగు మీద నుంచి ఎక్కించాను. ఎక్కాక జీను కొమ్మును రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ఆ ప్రార్థన ఊరు దాటేదాకా అవలేదు.

వాన వెలిసి ఉక్కపోస్తున్న పొద్దు. ఆకు కదలడం లేదు. ఈగలకు అంతకంటే మంచి వాతావరణం లేదు. చేలల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే నడుములు ఎత్తి నిలబడి చూశారు. తెల్లటి పలచటి బట్టలు కట్టుకున్న రెండు గుర్రాలు, వాటి మీద ఇద్దరు ఆడవాళ్ళు. ఒక ముసలామె గట్టు దాకా వచ్చి, "ఎక్కడికమ్మా?" అని అడిగింది. "పరీక్షకి" అంది మా వదినగారు కళ్ళు తెరవకుండానే.

జమ్ము మడుగు దగ్గరికి వచ్చేసరికి కళ్ళెం బిగించి పట్టుకున్నాను. ఆడగుర్రం చెవులు వెనక్కి పెట్టింది. అది ఆ చోటు మరిచిపోలేదు. మేము నాలుగడుగులు వేశామో లేదో జమ్ములోంచి దండు లేచింది. వెళ్ళవలసిన చోటికే వెళ్ళాయి, మెడల మీదికి, పొట్టల కిందికి, చెవుల మీదికి. గుడ్డకు తగిలి వడగళ్ళు రాలినట్టు చిటపటమన్నాయి. లోపలికి దారి దొరకలేదు. నేను మెడ మీద చెయ్యి వేసి, చిన్నప్పుడు పొగాకు దారుల్లో అనే మాటలే మెల్లగా అన్నాను. గుర్రం చెవులు ముందుకు వచ్చాయి. తల ఊపి కుచ్చులు అటూ ఇటూ ఆడించుకుంటూ, సంతకు పోతున్నంత తాపీగా ఆ మడుగు పక్కనుంచి నడిచిపోయింది. వెనక తెల్లది దాని అడుగుల్లోనే అడుగులు వేసింది.

గుర్రాల దగ్గర పని కాకపోయేసరికి ఈగలు మా మీదికి తిరిగాయి. మెడా, చెంపలూ, చేతులూ భగ్గుమన్నాయి. ఇద్దరం కొంగులు ముఖాలకు చుట్టుకున్నాం.

"గుర్రాలకి నేశాం గాని మనకి నేసుకోలేదు చూడు" అంది మా వదినగారు కొంగులోంచి. నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వింది. ఆ నవ్వులో ఆవిడ చేతులు జీను కొమ్మును వదిలేశాయి. వదిలేసినా పడలేదు. అది గమనించుకుని వీపు నిటారుగా పెట్టి కూర్చుంది.

పడవ కంటే ముందే చేరుకున్నాం. పంతులుగారు మమ్మల్ని చూసి చేతులు జోడించి, "దేవుడు పంపినట్టు వచ్చారమ్మా" అన్నారు. ఆయన తలపాగా అప్పటికే రెండుసార్లు ఊడిందట, కంగారుకి. పిల్లల్ని వరసలుగా కూర్చోబెట్టి, పలకలు తుడిపించి, ముఖాలు కడిగించేసరికి కాలవ మలుపులో పడవ కనపడింది.

ఇన్స్పెక్టరుగారు రాజమండ్రి మనిషి. కోటూ తలపాగా, చేతిలో కర్ర. పడవ దిగి రెండడుగులు వేసి, చింత చెట్టు కింద కట్టేసి ఉన్న గుర్రాలను చూసి ఆగిపోయారు.

"ఎవరండీ ఈ పెళ్ళికూతుళ్ళు?" అన్నారు.

"మా గుర్రాలండి. ఈగలకి అలా కట్టాం" అన్నాను. మేష్టారికి జ్వరమనీ, ఆయన బదులు నేను వచ్చాననీ చెప్పాను.

"ఆ జమ్ము దారినే వచ్చారా? పడవలో ఉన్న మమ్మల్నే తినేశాయి" అంటూ ఆయన మెడ గోక్కున్నారు.

ముందు లెక్కలు అడగమని నేనే అన్నాను. పిల్లలు తడుముకోకుండా చెప్పారు. తరవాత చదువు. ఒక పిల్ల గొంతు సన్నగా వణికింది గాని మాట తప్పలేదు. పంతులుగారు గుమ్మం పట్టుకుని నిలబడి, పిల్లల పెదవులతో పాటు తన పెదవులూ కదిపారు. పలకల మీద రాత కూడా అయ్యాక ఇన్స్పెక్టరుగారు కర్ర తీసుకుని లేచి, "ఈ బడి మూయమని ఎవరన్నా అంటే నా దగ్గరికి పంపండి" అన్నారు. పంతులుగారి తలపాగా మూడోసారి ఊడింది.

పడవ ఎక్కబోతూ ఆయన మళ్ళీ చింత చెట్టు దగ్గరికి వెళ్ళారు. ఆడగుర్రం మెడ మీది గుడ్డ ఎత్తి, జూలులో వేళ్ళు పోనిచ్చి చూశారు. చర్మం నున్నగా ఉంది. రాజమండ్రిలో తనకూ ఒక గుర్రం ఉందనీ, వానాకాలమంతా రుద్దుకుని చస్తోందనీ చెప్పి ఇది ఎలా నేశారని అడిగారు. మా వదినగారు గుడ్డ అంచు మడిచి పోగుల మెలిక చూపించింది. ఆయన వంగి, కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. పడవవాళ్ళు కేకలేసేదాకా ఇద్దరూ అలాగే మాట్లాడుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి ఆయన దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చుని ఉన్నారు. మా ముఖాలు బొప్పులు కట్టి గుర్తుపట్టేలా లేవు. చూసి భయపడ్డారు.

"బడి నిలిచింది తమ్ముడూ" అంది మా వదినగారు గుర్రం మీద నుంచే. ఆయన దుప్పటి తీసేసి లేచి వచ్చి, ఒక చెయ్యి ఆడగుర్రం మెడ మీద వేసి, రెండో చేత్తో అక్కగారిని దించబోయారు.

"ఉండు, ఇంకో చుట్టు తిరిగి వస్తాను" అని ఆవిడ చెరువు వీధి వైపు తిప్పించుకుని వెళ్ళింది. ఊళ్ళో ప్రతి గుమ్మంలోనూ మనిషి నిలబడ్డాడు.

వానలు తగ్గుముఖం పట్టాయి. మండపేట చుట్టుపక్కల ఆ ఏడు కూడా చాలా గుర్రాలు చనిపోయాయి, కొన్ని ఎముకల గూళ్ళయి మెట్టకు వెళ్ళిపోయాయి. మావి రెండూ నేలకు వేలాడే తోకలతో, మెరిసే ఒంటితో మిగిలాయి. కోతల పండగకు మిషను గుడిలో కొత్త వరి కంకులు సమర్పించే రోజున ఆయనా నేనూ చెరో గుర్రం మీద వెళ్ళాం. ఎవరూ ఏమీ అనలేదు. దారి ఇచ్చారు.

ఆ మర్నాడే షావుకారుగారు మా ఇంటికి నడిచి వచ్చారు. జట్కా లేదు. గుర్రం లేవలేని స్థితిలో ఉందట. వసారాలో నిలబడి కాసేపు మగ్గం వంక చూశారు.

"ఆరోజు నవ్వానండి" అన్నారు.

"నవ్వారు" అంది మా వదినగారు.

"మా గుర్రానికి కూడా ఒకటి నేసిపెడతారా?"

"నూలు తెచ్చారా?"

ఆయన చంకలోంచి మూట తీశారు. అందులో ఉన్నది ఆయన కొట్లోకల్లా సన్న నూలు. ముడి ఒక్కటి కూడా లేదు. గుర్రాన్ని గాలి ఆడే చోట కట్టి, పొగ పెట్టి, కానుగ నూనె రాయమని నేను చెప్పాను. సంక్రాంతి నెల దాటేసరికి అది మళ్ళీ జట్కా లాగింది.

మరుసటి ఏడు కాలవలు వదలక ముందే మా వసారా నిండిపోయింది. మండపేట జట్కావాళ్ళు, కోర్టు అమీనుగారి బంట్రోతు, రాజమండ్రి నుంచి ఇన్స్పెక్టరుగారు పంపిన మనిషి. మా వదినగారు చివరి పల్లె ఆడవాళ్ళకు ఆ మెలిక నేత నేర్పింది. అక్కడ రెండు మగ్గాలు దాని కోసమే పడ్డాయి. బడికి వెళ్ళే ఆడపిల్లలు సాయంత్రాలు కుచ్చులు కట్టేవాళ్ళు.

ఒక జట్కా అతను తన గుడ్డ తీసుకుందామని వచ్చి, మడత విప్పి చూసుకుని, వెళ్ళకుండా నసుగుతూ నిలబడ్డాడు.

"ఏంటండి, కురచైందా?" అని అడిగింది మా వదినగారు.

"అబ్బే, బాగానే ఉందండి. ఎర్రంచు ఏమన్నా వేస్తారేమోనని."

"గుర్రానికి అంచెందుకండి?"

"మాది పెళ్ళిళ్ళకి వెళ్తాదండి."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. నవ్వులాటకు అంటున్నట్టు లేదు. గుడ్డ వెనక్కి తీసుకుని నా వంక తిరిగి, "అమ్మాయ్, ఆ ఎర్ర నూలు ఇలా అందుకో" అంది.